బాపు చెప్పుల చప్పుడు

"జరసేపు దువ్వెన ఆపు. బాపు వస్తుండు" అన్నది అక్క.

మిట్టమధ్యాహ్నం. అరుగు మీద ఆమెను గోడకు ఆనించి కూర్చోబెట్టి తల దువ్వుతున్నాను. బాపు చనిపోయి అప్పటికి ఏడాదిన్నర. నేను దువ్వెన ఆపలేదు. పేను ఒకటి చేతికి చిక్కినట్టే చిక్కి జారిపోయింది, ఆ చిరాకులో ఉన్నాను.

"రానియ్యి. ఇంట్ల కట్టెలు కొట్టేటోళ్లు లేక సస్తున్నం" అన్నాను.

అక్క నవ్వలేదు. నా మాటలకు నాకంటే ముందు నవ్వే మనిషి. వాకిట్లోకి చూశాను. ఎండ తప్ప ఏమీ లేదు. దండెం మీద ఆరేసిన అమ్మ చీర కొంగు కూడా కదలడం లేదు.

"ఏడ?" అన్నాను.

"ఎన్కనే తిరుగుతుండు. చెప్పులు ఈడ్చుకుంట." వంకర వేలు ఎత్తి, ఎడమ చెవికీ కణతకూ మధ్య పెట్టి చూపించింది. "గీడ ఇనవడుతుంది."

మాది దేవరకొండకు అవతల ఒక చిన్న ఊరు. పెరట్లో నిలబడితే కోట గుట్ట కనిపిస్తుంది. మా బోర్ల నీళ్లలో ఫ్లోరైడు. ఇప్పుడంటే కృష్ణ నీళ్లు నల్లాలో వస్తున్నాయి కానీ, అంతకుముందు తాగిన నీళ్లు ఎముకల్లోంచి బయటికి పోవు కదా. బాపుకు కుడి మోకాలు బిగుసుకుపోయి మడత పడేది కాదు. టైరు చెప్పులేసుకుని ఆ కాలు ఈడ్చి నడిచేవాడు. సర్ర్ అని పొడుగ్గా ఒకటి, టక్ అని పొట్టిగా ఒకటి. ఊరి చివర మలుపు తిరిగాడంటే ఇంట్లో మాకు తెలిసిపోయేది.

అక్కకు తొమ్మిదో ఏట కాళ్లు వంగడం మొదలైంది. పద్నాలుగు దాటేసరికి నడక పోయింది. ఆ తర్వాత వెన్ను, చివరికి మెడ. మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. తిరగలేదు కాబట్టి ఎవరైనా తన ముందుకు వచ్చేదాకా చూపు అందదు. అందుకే అందరినీ అడుగుల చప్పుడుతోనే గుర్తుపట్టేది. పాలామె గేటు దగ్గర ఉండగానే "కొత్త చెప్పులు కొన్నవా పెద్దమ్మా" అనేది. నేను బడి నుంచి కోపంగా వచ్చానో మామూలుగా వచ్చానో నా నడకలోనే చెప్పేది. ఎప్పుడూ తప్పు పోలేదు. ఆమె బాపు వచ్చాడంటే అమ్మ ఒక్కసారి కూడా "నీ భ్రమ" అనకపోవడానికి కారణం అదే.

నేను నమ్మలేదు. దేవరకొండలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని. పిల్లలు దయ్యం అంటే డస్టరు విసిరేదాన్ని. నా నోటి దురుసుకు భయపడి ఊళ్లో సంబంధాలు కూడా మానుకున్నారని మా అమ్మ బాధ.

నెల తిరిగేసరికి అక్క ఎడమ కన్ను ఎర్రబడింది. నిద్ర చాలని ఎరుపు కాదు. తెల్లగుడ్డు మీద నెత్తురు తీగలు లెక్కపెట్టగలిగేంత లావుగా తేలాయి. ఊళ్లో సూదులేసే డాక్టరు చుక్కల మందు ఇచ్చాడు. తగ్గలేదు. టౌనులో ఒక దవాఖానకు తీసుకుపోయాం. ఆటోలోంచి నేనూ అమ్మా కుర్చీ పట్టినట్టు ఇద్దరం పట్టుకుని దింపుతుంటే, అక్క తలుపు దాటకముందే డాక్టరు కాళ్లు చూసేశాడు.

"ఫ్లోరైడ్ కేసా?"

"కన్ను సార్" అన్నాను.

"ఎప్పటినుంచి నడవడం లేదు?"

"కన్ను సార్" అన్నాను మళ్లీ. నా గొంతు పెరిగిందని అమ్మ కొంగు పట్టి లాగింది. ఆయన కంటి మిషను వైపు చెయ్యి చూపించి గడ్డం ఆనించమన్నాడు. అక్క మెడ ముందుకు వంగదు. రెండుసార్లు ప్రయత్నించాం. మూడోసారికి ఆయన, "వద్దులే, ఫ్లోరైడ్‌లో ఇవన్నీ ఉంటాయి" అని మళ్లీ చుక్కల మందే రాశాడు. ఇంకో రెండు దవాఖానల్లోనూ ఇదే తంతు. మా ఇంటికి కెమెరాలతో వచ్చినవాళ్లకు మాత్రం కొదవ లేదు. అక్కను ఎండలో కూర్చోబెట్టి, వంగిన వేళ్లు కనిపించేలా పెట్టించి, ఫోటోలు తీసుకుని పోయేవాళ్లు. "నా కాళ్లకున్న పేరు నాకు లేకపాయె" అని అక్క నవ్వేది. అప్పటికింకా నవ్వేది.

చప్పుడు మాత్రం ఆగలేదు. పొద్దున లేస్తే ఉంది, అన్నం తింటుంటే ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, ఎవరికో దారి ఇస్తున్నట్టు ఒక క్షణం ఊరుకునేది. ఆ ఖాళీ క్షణంలో నేనూ అమ్మా మొహాలు చూసుకునేవాళ్లం.

ఒకరోజు అమ్మ అటక మీదినుంచి బాపు తువ్వాల మూట ఒకటి దించింది. విప్పితే బాపు టైరు చెప్పులు. కుడి చెప్పు మడమ దగ్గర పక్కకు అరిగి పలచగా అయింది. మాలో దినాల నాడు చనిపోయిన మనిషి చెప్పులు, గొడుగు, చెంబు దానం ఇచ్చేస్తారు. ఇంట్లో ఉంచుకోరు. ఉంచుకుంటే పోయిన మనిషి పోనట్టే. అమ్మ ఆ రోజు దుకాణంలో కొత్త జత కొనుక్కొచ్చి అయ్యవారి చేతిలో పెట్టిందట. అరిగినవి దాచుకుందట.

"నాకు మీ బాపుది ఒక్కటన్న ఉండాల్నని అనిపిచ్చింది బిడ్డా" అన్నది. తప్పు చేసిన పిల్లలా నా వైపు చూడకుండా అన్నది. నాకు ఏడుపొచ్చింది. తిట్టాలో ఏం చెయ్యాలో తెలియలేదు.

అమ్మ ఎండలోనే బయల్దేరి, ఎండిపోయిన వాగు దాకా నడిచి, చెప్పులు ఇసుకలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చింది. కాళ్లు కడుక్కుని గడపలో నిలబడి, "ఆగిందా?" అన్నది.

అక్క చాలాసేపు విన్నది. ఎర్ర కన్ను ఒకటి, తెల్ల కన్ను ఒకటి, రెండూ గోడ మీదే ఉన్నాయి.

"ఆగలేదమ్మా" అన్నది. "ఉత్త కాళ్లతోని నడుస్తుండు."

అమ్మ ఉన్నచోటనే కూలబడింది. సైన్సు టీచరునని చెప్పుకునే నాకు వీపు మీద వెంట్రుకలు లేచాయి. భయమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. పగటి భయం అది. దీపం పెట్టుకున్నా పోయేది కాదు.

ఆ రోజు నుంచి అమ్మ ఒక కట్టుబాటు పెట్టింది. "గాలి సోకిన మనిషి తలకు చెవి ఆనియ్యొద్దు. ఆ చప్పుడు ఇన్నోళ్ల ఎంబడి వస్తది. మా అవ్వ చెప్పేది" అన్నది. అక్క ఎదుటే అన్నది. అక్కను ఎత్తేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేది. అక్క పక్కన పడుకునేది నేనే. తనంతట తాను ఒత్తిగిలలేదు కాబట్టి ఎవరో ఒకరు పక్కన ఉండి అటూ ఇటూ తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. "నువ్వు గూడ పక్కన పండకు, నేను ఎదురుంగ కూసొని చూస్త" అని అమ్మ ఒకటి రెండుసార్లు అన్నది. నేను వినలేదు. నేను వినకపోవడం మా ఇంట్లో కొత్త కాదు.

ఒంటిపూట బడుల రోజులు. ఒకరోజు ఇంటికి వచ్చేసరికి అమ్మ పొలానికి పోయింది. అక్క మంచం మీద కణత పట్టుకుని ఉంది. పక్కన వాలాను. కరెంటు పోయింది. ఫ్యాను ఇంకా రెండు చుట్లు తిరిగి నిలబడిపోయింది. ఊరు మొత్తం ఎండకు నోరు మూసుకుంది.

"సెల్లే" అన్నది అక్క. "ఒక్కసారి చెవి పెట్టి ఇను. నాకొక్కదానికేనా, నిజంగ ఉన్నదా? నాకు పిచ్చి లేస్తుందేమో అని భయమైతుంది."

ఎప్పుడూ భయం అనే మాట వాడని మనిషి. నేను లేచి, ఆమె మీదికి వంగి, ఎర్ర కంటి పక్కన కణతకు నా చెవి ఆనించాను. మొదట కొబ్బరి నూనె వాసన. ఆమె చర్మం వేడి. తర్వాత వినిపించింది.

సర్ర్. సర్ర్. సర్ర్.

ఊపిరి బిగపట్టాను. నా చప్పుడు కాదు. ఒకదాని తర్వాత ఒకటి, ఒకే దూరంలో, మెత్తటి మట్టి మీద కాలు ఈడ్చినట్టు. మా అక్క తల లోపల ఎవరో నడుస్తున్నారు. పొడుగ్గా ఒకటి, కొంచెం పొట్టిగా ఒకటి. ఆగడం లేదు, దగ్గరికి రావడం లేదు, దూరం పోవడం లేదు.

తల ఎత్తాను. నా మొహం కింద ఆమె మొహం. జవాబు కోసం చూస్తోంది.

"ఏం ఇనవడలె" అన్నాను.

"సరే" అన్నది అక్క.

లేచి నల్లా దగ్గరికి పోయి చెవి కడుక్కున్నాను. సబ్బు పెట్టి కడుక్కున్నాను. పిల్లలకు చెవి నిర్మాణం బొమ్మ గీసి భాగాలు గుర్తించమని చెప్పే నేను, చెవిలోంచి చప్పుడు పోవాలని సబ్బు నురగతో రుద్దుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే నాకే సిగ్గేస్తోంది, అప్పుడు మాత్రం ప్రాణం అరచేతిలో ఉంది. ఆ తర్వాత చాలా రోజులు దిండు మీద చెవి ఆనితే నాకూ అడుగులు వినిపించేవి. దిండు మీద చెవి పెడితే ఎవరికైనా తమ గుండె చప్పుడే వినిపిస్తుందని తెలుసు. తెలిసి కూడా దిండు తీసేసి పడుకున్నాను. బడిలో పిల్లలందరూ తలలు వంచి పరీక్ష రాస్తుంటే, ఆ నిశ్శబ్దంలో నా వెనక నల్లబల్ల వైపు తిరిగి చూసుకునేదాన్ని.

ఆ నెలలోనే ఇంకో ప్రైవేటు దవాఖానకు పోయాం. అక్కడి డాక్టరు ఓపికగానే విన్నాడు. చప్పుడు సంగతి అమ్మ చెప్పింది. ఆయన మా ఇద్దరినీ చూసి ఒకే ప్రశ్న అడిగాడు.

"ఈ శబ్దం ఇంట్లో ఇంకెవరికైనా వినిపించిందా?"

అమ్మ నా వైపు చూసింది. అక్క మెడ తిరగదు కాబట్టి గోడ వైపే చూస్తోంది. అవునంటే, కట్టుబాటు తప్పానని అమ్మకు తెలుస్తుంది. అవునంటే, అది నిజమైపోతుంది. బాపు నిజంగా అక్కడ ఉన్నట్టే, నా వెంట వస్తున్నట్టే.

"లేదు సార్" అన్నాను.

ఆయన తలాడించి, మానసిక డాక్టరుకు చీటీ రాశాడు. ఆ డాక్టరు మాత్రలు రాశాడు. తండ్రి పోయిన దిగులు, నడవలేని దిగులు, అందుకే లేని చప్పుడు వినిపిస్తోందని చెప్పాడు. ఆయన తప్పేం లేదు. ఆయనకు చెప్పింది అంతే.

మాత్రలు వేసుకున్నాక అక్క పగలంతా మగతగా పడి ఉండేది. పాలామె వచ్చినా ఎవరని అడిగేది. నేను కోపంగా వచ్చినా నవ్వుతూ వచ్చినా తేడా తెలిసేది కాదు. చప్పుడు ఉందా అంటే తలాడించేది, ఎటు ఆడించిందో అర్థమయ్యేది కాదు. కన్ను మాత్రం రోజురోజుకూ ముందుకు పొడుచుకొచ్చింది. నిద్రలో కూడా ఆ రెప్ప పూర్తిగా మూసుకునేది కాదు. పక్కన పడుకుంటే సందులోంచి ఎర్రగా నన్నే చూస్తున్నట్టుండేది. నేను అటు తిరిగి పడుకునేదాన్ని. అంతలోనే ఆమెను తిప్పే వేళయ్యేది, మళ్లీ ఇటు తిరిగేదాన్ని.

అలా ఎనిమిది నెలలు.

ఒక పొద్దున అన్నం తినిపిస్తుంటే, ముద్ద నోటి దగ్గరికి తెచ్చినా అక్క నోరు తెరవలేదు. చెయ్యి కనిపించలేదట. "ఎడమ దిక్కు నువ్వు లేవు" అన్నది నెమ్మదిగా. "సగమే ఉన్నవ్."

ఆ రోజు బడికి పోలేదు. సెలవివ్వనన్న హెడ్మాస్టరును ఫోనులోనే నాలుగు మాటలని, కారు కిరాయికి మాట్లాడి, అక్కను వెనక సీట్లో పడుకోబెట్టి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ పోయాం. అక్కడ ఒక పెద్దావిడ కంటి డాక్టరు ఉందని, ఓపికగా చూస్తుందని బస్సులో ఎవరో చెప్పగా విన్నాను. దారి పొడుగునా పరుపు రాళ్లు, ఎండిన చేలు. అమ్మ ముందు సీట్లో కళ్లు మూసుకుని మొక్కుకుంటూనే ఉంది.

ఆ డాక్టరమ్మ అక్క కాళ్లు చూడలేదు. గడ్డం మిషనుకు అందదని తెలిశాక, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, అక్క కుర్చీ ముందు నేల మీద మోకాళ్లేసి కూర్చుంది. చిన్న టార్చి పట్టుకుని కింది నుంచి పైకి కంటిని చూసింది. చాలాసేపు చూసింది. అన్ని దవాఖానలు తిరిగాం, మా అక్క ముందు మోకాళ్ల మీద కూర్చున్న డాక్టరు ఈమె ఒక్కతే.

"తలలో చప్పుడేమైనా వినిపిస్తుందా అమ్మా?" అని అడిగింది.

అక్క పోయినసారి చెప్పినందుకు మాత్రలు మింగిన మనిషి. పెదాలు బిగపట్టుకుంది.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "మీలో ఎవరైనా విన్నారా?"

"నేను విన్న మేడం" అన్నాను.

వెనక అమ్మ గాజులు కదిలి ఆగాయి. "ఒక్కసారి చెవి పెట్టిన. ఉన్నది. కాలు ఈడ్చినట్టు ఉన్నది. నేను లేదని చెప్పిన" అన్నాను. కన్నీళ్లు కారుతుంటే ముక్కు కొంగుతో తుడుచుకుంటూ చెప్పాను.

డాక్టరమ్మ అక్క రెప్ప మూసి, దాని మీద స్టెతస్కోపు ఆనించి, తను కూడా కళ్లు మూసుకుని విన్నది. తర్వాత ఆ గొట్టాలు తీసి నా చెవుల్లో పెట్టింది. సర్ర్. సర్ర్. నా చెయ్యి పట్టి అక్క మణికట్టు నాడి మీద పెట్టింది. వేలి కింద ఒక దెబ్బ, చెవిలో ఒక అడుగు. వేలి కింద ఒక దెబ్బ, చెవిలో ఒక అడుగు.

"కంటి వెనక ఒక నాళం చిట్లి, పక్క నాళంలోకి దారి పడింది. గుండె కొట్టిన ప్రతిసారీ రక్తం అటు దూకుతోంది. కన్ను ఎర్రబడడం, పొడుచుకు రావడం అందుకే. చప్పుడూ అదే" అన్నది. "మనసులోని చప్పుడైతే ఆమెకొక్కదానికే వినిపించేది. పక్కవాళ్లకు కూడా వినిపించడమే దీని గుర్తు."

ఎనిమిది నెలల కింద ఒక డాక్టరు అడిగిందీ అదే ప్రశ్న.

ఆమె రాసిచ్చిన కాగితం పట్టుకుని ఆ రోజే హైదరాబాద్ పోయాం. కాళ్లు సాగవు కాబట్టి తొడ నుంచి పంపాల్సిన సన్న తీగను చేతి నాళం గుండా పంపి ఆ దారి మూశారు. మరుసటి రోజు మధ్యాహ్నం మమ్మల్ని లోపలికి పిలిచేసరికి అక్క మెలకువగా ఉంది. మంచం పక్కన మిషన్లు కూత పెడుతున్నాయి.

"చప్పుడు?" అన్నాను.

అక్క విన్నది. ఎప్పుడూ వినే పద్ధతిలోనే, ఊపిరి ఆపి.

"పోయిండు" అన్నది.

అమ్మ గోడకు తిరిగి ఏడ్చింది. బిడ్డ బతికినందుకో, మొగుడు రెండోసారి పోయినందుకో నాకు తెలియదు.

ఎరుపు పదిహేను రోజుల్లో తగ్గింది. కన్ను లోపలికి పోయింది. చూపు మాత్రం రాలేదు. ఇంకొంచెం ముందు తీసుకొస్తే మిగిలేదని అక్కడి డాక్టర్లు మామూలుగా, ఎవరికైనా చెప్పినట్టే చెప్పారు. ఆ ఇంకొంచెం ఎంతో నాకు తెలుసు.

ఇంటికొచ్చిన చాలా రోజులకు, ఒక మధ్యాహ్నం అక్క ఎడమ పక్క కూర్చుని, అంటే ఆమెకు నేను కనిపించని వైపు కూర్చుని, ధైర్యం చేశాను.

"అక్కా, నేను ఆ రోజు అబద్ధం చెప్పిన."

"నాకెర్కే."

"డాక్టరమ్మ కాడ చెప్పినప్పుడు ఎర్కైందా?"

"కాదు. గా రోజే. నీ మొకం నా మొకం మీదనే ఉండె గద. ఉట్టి మొకం గాదది. మల్ల నల్లా కాడికి పోయి చెవి కడుక్కున్నవ్, సబ్బుపెట్టె మూత చప్పుడైంది. ఇన్న."

"మరి డాక్టరు ముంగట ఎందుకు చెప్పలేదే? నా సెల్లె ఇన్నదని ఒక్క మాటంటే నీ కన్ను నిలువకపోవునా?" అన్నాను. నా తప్పుకు ఆమె మీద కోప్పడుతున్నాను, అదీ నా బుద్ధి.

"చెప్తె అమ్మ నిన్ను నా పక్కన పండనిచ్చేదా?" అన్నది అక్క. "అమ్మ సంగతి తియ్యి. నీకే భయంతోని బుగులైంది గద. నువ్వు గూడ నా పక్కకెల్లి లేచిపోతె నన్ను తిప్పేటోళ్లెవరు?"

బయట ఎండ తెల్లగా ఉంది. ఇంట్లో ఏ చప్పుడూ లేదు.

"జర ఇటు తిప్పు, వీపు మండుతుంది" అన్నది.

భుజం కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి పెట్టి ఆమెను తిప్పాను. నా చెవి ఆమె కణత దగ్గరికి వచ్చింది. తియ్యలేదు. అక్కడే ఆనించి ఉంచాను.

"ఏమన్న ఇనవడుతుందా?" అన్నది.

"ఏం ఇనవడతలేదు" అన్నాను.

తల ఎత్తేదాకా ఆగి, ఉన్న ఒక్క కంటితో నా మొహం చూసింది. చూసి, "సరే" అన్నది.